మేయర్ లైబ్రరీలో పట్టిన రొద

మైనస్ 39, మైనస్ 98, మైనస్ 98, మైనస్ 98, మైనస్ 99, మైనస్ 98, మైనస్ 94, మైనస్ 98, మైనస్ 98, మైనస్ 98.

టాసిమ్ అనే సిమ్యులేటర్‌తో పాటు వచ్చే ఒక ఫైలు ఈ పది అంకెలతో మొదలవుతుంది. దాని పేరు మేయర్-హెవీ. వరుసకు ఒక అంకె చొప్పున కిందికి సాగిపోతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, మేయర్ లైబ్రరీ భవనంలో, ఒక చిన్న రేడియో విన్న రొద అది. తనకు ఉద్దేశించిన కబురు ఏదీ రాని సమయంలో గాలిలో ఎంత అలజడి ఉందో కొలిచి రాసుకున్న చిట్టా.

ఈ అంకెలకు కొలమానం డీబీఎం. సున్నా అంటే ఒక మిల్లీవాట్. పది తగ్గినప్పుడల్లా శక్తి పదో వంతుకు పడిపోతుంది. మైనస్ 100 అంటే మిల్లీవాట్‌లో వెయ్యి కోట్లో వంతు. కాబట్టి మైనస్ 98 దగ్గర నిలిచిన అంకెలన్నీ ఇంచుమించు నిశ్శబ్దమే. మొదటి వరుసలోని మైనస్ 39 మాత్రం ఆ నిశ్శబ్దం కన్నా దాదాపు 8 లక్షల రెట్లు బలమైనది; పక్కనే ఏదో ప్రసారం జరిగి ఉండాలి. ఏడో వరుసలోని మైనస్ 94 అంత భీకరమేమీ కాదు, నిశ్శబ్దానికి రెండున్నర రెట్లు. చూడగానే మైనస్ 39 మీదే కన్ను పడుతుంది. మైనస్ 94ను కూడా గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను. దాని సంగతి ముందుకు వెళ్లాక తెలుస్తుంది.

వైర్‌లెస్ నెట్‌వర్కుల సిమ్యులేషన్‌ను వాస్తవానికి దగ్గరగా తీసుకురావాలని చాలామంది చాలా రకాలుగా కృషి చేశారు. వాటిలో నాకు బాగా నచ్చిన పనితనం ఈ ఫైలు చుట్టూ అల్లుకున్నది. హ్యుంగ్‌జూన్ లీ, అల్బెర్టో సెర్పా, ఫిలిప్ లెవిస్ కలిసి 2007లో సెన్సర్ నెట్‌వర్కుల సదస్సు ఐపీఎస్ఎన్‌లో వెలువరించిన పద్ధతి ఇది. గతంలోంచి దగ్గరి పోలికను వెతికి తర్వాతి రొదను అంచనా కట్టే పద్ధతి. వాడుకలో సీపీఎం అంటారు. అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో తెలిస్తే గానీ దీని గొప్పతనం అందదు.

ఎన్ఎస్2 అనే సిమ్యులేటర్ పేరు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో నెట్‌వర్కులు చదివిన చాలామందికి తెలుసు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఎంటెక్ ప్రాజెక్టు దానితో చేసినవాళ్లు ఈ వ్యాసం చదివేవారిలోనూ ఉంటారు. అందులో ఏమీ మార్చకుండా నడిపితే రేడియో 250 మీటర్ల దాకా వినిపిస్తుంది. 249 మీటర్ల దగ్గర ప్రతి ప్యాకెట్టూ చక్కగా అందుతుంది, 251 దగ్గర ఒక్కటీ అందదు. చుట్టూ గీసిన వలయం లోపలున్నవాళ్లు పూర్తిగా వింటారు, బయటివాళ్లు అసలు వినరు. ఇలాంటి వలయాల మీద ఎన్నో దారి వెతికే ప్రోటోకాల్స్ పుట్టాయి, ఎన్నో గ్రాఫులు గీశారు.

2003లో డార్ట్‌మౌత్ కాలేజీ వెలువరించిన ఒక నివేదికను డేవిడ్ కాట్జ్, కాల్విన్ న్యూపోర్ట్, చిప్ ఇలియట్ రాశారు. పరిశోధకులు ఎవరూ ప్రశ్నించకుండా నమ్ముతున్న ఆరు సంగతులను అందులో ఏరి చూపించారు. భూమి బల్లపరుపుగా ఉంటుంది. రేడియో పరిధి గుండ్రంగా ఉంటుంది. అన్ని రేడియోల పరిధీ ఒకటే. నువ్వు నాకు వినిపిస్తే నేనూ నీకు వినిపిస్తాను. వినిపించడమంటూ ఉంటే పూర్తిగా వినిపిస్తుంది. సిగ్నల్ బలం దూరాన్ని బట్టి సాఫీగా తగ్గుతుంది. ఆరూ తప్పేనని ఆ తర్వాత కొలతలతో నిరూపించారు కూడా. ఆ ఆరింటిలో లేని ఏడో నమ్మకం ఒకటుంది. ఒక ప్యాకెట్ పోవడానికీ దాని వెనుక వచ్చే ప్యాకెట్ పోవడానికీ సంబంధం లేదన్నదే అది. సీపీఎం గురి దాని మీదే.

టాసిమ్ తొలి రూపాన్ని కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఫిలిప్ లెవిస్, నెల్సన్ లీ, మ్యాట్ వెల్ష్, డేవిడ్ కల్లర్ తయారుచేశారు. దాన్ని 2003లో ప్రకటించారు. సెన్సర్ నోడ్ మీద, టైనీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడవాల్సిన ప్రోగ్రామునే కంప్యూటర్ మీద నడిపి చూసుకునే సౌకర్యం అది. ఒక అడవిలోనో భవనంలోనో వందల నోడ్లు పెట్టాక తప్పు దొరికితే ఒక్కొక్కదాన్ని విప్పి సరిచేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. అందుకే ముందే పరీక్షించే సాధనంగా టాసిమ్‌కు అంత విలువ. కానీ తొలి టాసిమ్‌లో ప్రతి లింకుకూ ఒక తప్పుల శాతం ఉండేది. ఒక్కో బిట్ చెడిందా లేదా అన్నది దేనికది విడిగా తేలేది. సగటు సరిగ్గానే వచ్చేది. వరుస మాత్రం నిజం కాదు.

సగటు సరిపోదా అనిపించవచ్చు. ఒక లెక్క చూద్దాం. రెండు లింకులున్నాయి, రెంటిలోనూ ప్యాకెట్లు సగమే చేరుతున్నాయి. మొదటిదానిలో నష్టాలు ఎక్కడపడితే అక్కడ చెదిరి ఉన్నాయి. రెండోదానిలో కొంతసేపు అన్నీ చేరతాయి, కొంతసేపు ఏదీ చేరదు. పోయిన ప్యాకెట్‌ను వెంటనే మళ్లీ పంపే ప్రోటోకాల్ నాలుగు ప్రయత్నాలు చేస్తుందనుకుందాం. మొదటి లింకు మీద నాలుగూ పోయే అవకాశం పదహారింట ఒకటి. రెండో లింకు మీద, చెడు సమయంలో ఇరుక్కుంటే నాలుగూ పోతాయి. అంటే ఇంచుమించు రెండింట ఒకటి. సగటు చూస్తే రెండూ ఒకటే. బ్యాటరీ మీద బతికే నోడ్‌కు మాత్రం అవి వేర్వేరు ప్రపంచాలు. మొదటి లింకు మీద వెంటనే మళ్లీ పంపడం తెలివైన పని, రెండోదాని మీద కాసేపు ఆగడం తెలివైన పని. నష్టాలను చెల్లాచెదురుగా చల్లే సిమ్యులేటర్ ముందు కూర్చుని ప్రోటోకాల్‌ను చెక్కినవాడికి ఆగాలన్న ఆలోచన ఎన్నటికీ రాదు.

నష్టాలు గుంపులుగా ఎందుకు వస్తాయి? ఆ నోడ్లు మాట్లాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే వైఫై కూడా ఉంటుంది. అప్పట్లో వాడిన సీసీ2420 రేడియో చిప్ గరిష్ఠంగా ఒక మిల్లీవాట్‌తో పలుకుతుంది. వైఫై రూటర్ దానికి ఎన్నో రెట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. లైబ్రరీలో ఎవరో ఒక పెద్ద ఫైలు దించుకోవడం మొదలుపెడితే వైఫై ప్యాకెట్లు వెంటవెంటనే వస్తాయి. అది ముగిశాక గాలి మళ్లీ సద్దుమణుగుతుంది. రొదకు ఒక నడక ఉంది. ఇప్పుడు రొద ఉందంటే మరుక్షణం కూడా ఉండే అవకాశం ఎక్కువ, లేదంటే లేకపోయే అవకాశం ఎక్కువ.

సీపీఎంను రూపొందించిన ముగ్గురూ చేసిన మొదటి మంచి నిర్ణయం ప్యాకెట్ నష్టాన్ని పక్కనపెట్టి రొదను పట్టుకోవడం. నష్టం ఫలితం, అది లింకు పొడవును బట్టి, గోడలను బట్టి, పంపే శక్తిని బట్టి మారిపోతుంది. రొద మాత్రం వినే చోటుకు చెందినది. దాన్ని ఒకసారి పట్టుకుంటే ఆ చోట పెట్టిన ఏ లింకుకైనా వాడుకోవచ్చు. అందుకే రకరకాల చోట్ల మిల్లీసెకనుకు ఒకసారి చొప్పున రొదను కొలిచి నమోదు చేశారు. ఆ వేగం ఆషామాషీగా ఎంచుకున్నది కాదు. ఈ రేడియో ఒక బైట్ పంపడానికి 32 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, అన్నిటికన్నా పెద్ద ప్యాకెట్‌కు నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. ప్యాకెట్ గాలిలో ఉన్నంతసేపట్లోనే రొద లేచి పడిపోవచ్చు. సెకనుకు ఒకసారి కొలిస్తే ఆ సంగతి తెలిసే మార్గమే లేదు.

చిట్టా చేతికొచ్చాక దాన్ని ఉన్నదున్నట్టు సిమ్యులేటర్‌లోకి వదిలితే సరిపోతుంది కదా అని నేను చాలాసేపు ఆలోచించాను. సరిపోదు. చిట్టా ఎక్కడో ఒకచోట అయిపోతుంది. ఎన్నిసార్లు నడిపినా అదే క్షణాన అదే రొద లేస్తుంది, కాబట్టి ఫలితం ఎంతవరకు నిలకడైనదో పరీక్షించుకునే వీలుండదు. నోడ్లన్నిటికీ అదే చిట్టా ఇస్తే అందరి మీదా రొద ఒక్కసారే పడుతుంది. కావలసింది చిట్టా నడకను వంటబట్టించుకుని, ఎప్పటికప్పుడు కొత్త రొదను పుట్టించే యంత్రం.

సీపీఎం ఆ పనిని ఇలా చేస్తుంది. చిట్టాలో ఏ క్షణం దగ్గరైనా నిలబడి వెనక్కి తిరిగి చూస్తే గడిచిన 20 అంకెలు కనిపిస్తాయి. టాసిమ్‌లో చేర్చిన సీపీఎం కోడు ఆ ఇరవైని ఒక ముద్రగా చేస్తుంది. మైనస్ 115 నుంచి మైనస్ 5 దాకా ఉన్న పరిధిని 5 డెసిబెల్‌ల అరలుగా విడగొట్టి, ఒక్కో అంకె ఏ అరలో పడిందో మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. మైనస్ 98కీ మైనస్ 99కీ తేడా చూస్తే ప్రతి ముద్రా కొత్తదిగానే కనిపిస్తుంది, పోలిక దొరకదు. అరలు మరీ వెడల్పైతే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక్కో ముద్ర తర్వాత చిట్టాలో ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి పట్టికలో పెడుతుంది. ఇరవై మిల్లీసెకన్లూ నిశ్శబ్దంగా గడిచాయా? ఆ ముద్ర పక్కన మైనస్ 98 లాంటివి బోలెడు, పెద్ద అంకెలు ఎక్కడో ఒకటి. రెండు మిల్లీసెకన్ల కిందట పెద్ద రొద లేచిందా? ఆ ముద్ర పక్కన లెక్క వేరుగా ఉంటుంది.

నడిపేటప్పుడు ప్రతి నోడూ తన దగ్గర పుట్టిన చివరి ఇరవై రొదలను చేతిలో ఉంచుకుంటుంది. వాటి ముద్రను పట్టికలో వెతికి, అక్కడున్న లెక్కల నిష్పత్తిలో ఒక అంకెను ఎంచుకుంటుంది. ఆ అంకె వరుసలో చేరి, అన్నిటికన్నా పాతది బయటికి పోయి, కొత్త ముద్ర తయారవుతుంది. పుట్టిన రొద పుట్టబోయే రొదను నడిపిస్తుంది. చిట్టాలో ఎన్నడూ కనపడని ముద్ర ఎదురైతే కోడు ఆగిపోదు. చిట్టాలో ఎక్కువసార్లు కనిపించిన ముద్రను ఆసరా చేసుకుని ముందుకు సాగుతుంది. వైఫై గురించి గానీ గోడల గురించి గానీ ఇందులో ఒక్క సూత్రం లేదు. రొదను పుట్టించిన కారణం ఏదైనా సరే, అది మైక్రోవేవ్ ఓవెన్ అయినా మరొకటైనా, దాని నడక చిట్టాలో పడి ఉంటే చాలు, యంత్రానికి వచ్చేస్తుంది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత సాధించడం చూస్తే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

దీనికి ఖర్చూ ఉంది. మేయర్-హెవీ మొత్తాన్ని ఇస్తే ఒక్కో నోడ్‌కు సుమారు 10 మెగాబైట్ల మెమరీ పడుతుందని టాసిమ్ వాడకాన్ని నేర్పే పాఠంలోనే రాసి పెట్టారు. వంద నోడ్లకు ఒక గిగాబైట్. 2007 నాటి కంప్యూటర్‌కు అది పెద్ద మూటే. చిట్టాలో కొంత భాగమే ఇచ్చి మెమరీ మిగుల్చుకోవచ్చు గానీ ఆ మేరకు నిజానికి దూరమవుతారని కూడా అక్కడే చెప్పారు. మేయర్ లైబ్రరీ భవనాన్ని 2015లో కూల్చేశారు. అక్కడి గాలిలోని అలజడి మాత్రం ఆ ఫైలు దించుకున్న ప్రతి కంప్యూటర్‌లో ఇప్పటికీ నడుస్తుంది.

రొద తేలాక, ప్యాకెట్ చేరిందో లేదో తేల్చాలి. సిగ్నల్ రొదకన్నా ఎన్ని డెసిబెల్‌లు పైన ఉంటే ప్యాకెట్లు ఎంత శాతం చేరతాయన్న వంపు రేఖ దానికి కావాలి. దాన్ని పుస్తకంలోంచి తీసుకోలేదు. మైకాజెడ్ రకం సెన్సర్ నోడ్లు రెండింటిని తీసుకుని, బయటి తరంగాలు చొరబడకుండా కవచం పెట్టి, మధ్యలో సిగ్నల్‌ను కావలసినంత తగ్గించే పరికరం బిగించి, కొలిచి గీశారు. ఆ కొలతలకు సరిపోయే సూత్రంలో 0.9794, 2.3851 అనే రెండు స్థిరాంకాలు కోడులో కనిపిస్తాయి. ఒక్క సింబల్ తప్పిపోయే అవకాశాన్ని ముందు లెక్కించి, ఆ తర్వాత 23 బైట్ల ప్యాకెట్‌కు బైట్‌కు రెండు సింబల్స్ చొప్పున 46 సింబల్స్ అన్నీ దక్కే అవకాశాన్ని కడతారు.

ఆ సూత్రంలో అంకెలు వేసి చూశాను. సిగ్నల్ రొదకన్నా 4 డెసిబెల్‌లు పైనుంటే నూటికి సుమారు 7 ప్యాకెట్లు చేరతాయి. 5 అయితే 79. 6 అయితే 99. రెండు డెసిబెల్‌ల లోపలే నేల నుంచి శిఖరం దాకా. ఇప్పుడు ఆ మైనస్ 94 దగ్గరికి రావచ్చు. ఒక లింకు మీద సిగ్నల్ మైనస్ 91 బలంతో అందుతోందనుకోండి. రొద మైనస్ 98 దగ్గర ఉన్నంతసేపూ తేడా 7, ప్రతి ప్యాకెట్టూ చేరుతుంది. రొద మైనస్ 94కు లేచిన మిల్లీసెకనులో తేడా 3కు దిగుతుంది, ఒక్కటీ చేరదు. మైనస్ 54 బలంతో అందే లింకుకు ఆ మైనస్ 94 లెక్కలోకే రాదు. దాన్ని పడగొట్టడానికి మైనస్ 39 లాంటిది రావాలి. ఒకే రొద ఒక లింకును తాకకుండా పోతుంది, పక్క లింకును ముంచేస్తుంది. ఏ లింకు ఎప్పుడు ఎలా తడబడుతుందో ఎవరూ చేత్తో రాయనక్కర్లేదు. సిగ్నల్, రొద, వంపు రేఖ మూడూ కలిసేసరికి దానంతటదే తేలుతుంది.

లింకులను వర్ణించే తీరు కూడా ముచ్చటగా ఉంటుంది. టాసిమ్ పాఠంలోని మొదటి ఉదాహరణలో మూడే నోడ్లు. ఒకటి నుంచి రెండుకు మైనస్ 54. రెండు నుంచి ఒకటికి మైనస్ 55. ఆ ఒక్క డెసిబెల్ తేడా అక్కడ లేకపోయినా పాఠం నడిచేది. కానీ నేర్చుకునేవాడు టైపు చేసే మొదటి రెండు వరుసల్లోనే, రాకకూ పోకకూ దారి ఒకేలా ఉండదన్న సంగతి చేతికి తగులుతుంది. కాట్జ్ జాబితాలోని నాలుగో నమ్మకం చడీచప్పుడు లేకుండా అక్కడే కూలిపోతుంది.

ఇంత చేశాక, ఇది నిజానికి దగ్గరగా వచ్చిందని చెప్పడం ఎలా? సగటు నష్టంతో పోల్చి చూస్తే పాత పద్ధతులు కూడా నెగ్గుతాయి. అందుకని వాళ్లు కొలబద్దనే మార్చారు. వరుసగా ఒకటి చేరాక తర్వాతిది చేరే అవకాశం ఎంత, రెండు చేరాక ఎంత, మూడు చేరాక ఎంత. అలాగే ఒకటి పోయాక, రెండు పోయాక, మూడు పోయాక ఎంత. ఈ అవకాశాలన్నిటినీ వరుసగా పేర్చితే ఒక లింకు స్వభావం కంటికి కనిపిస్తుంది. నష్టాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేని లింకులో అది చదునైన గీత. గుంపు నష్టాల లింకులో విజయాల వైపు ఎత్తుగా, వైఫల్యాల వైపు పల్లంగా ఉంటుంది. నిజమైన లింకు బొమ్మకూ సిమ్యులేటర్ ఇచ్చిన బొమ్మకూ మధ్య దూరాన్ని కాంటరోవిచ్–వాసర్‌స్టీన్ కొలతతో లెక్కించారు. ఒక మట్టికుప్పను ఇంకో కుప్ప ఆకారానికి తేవడానికి ఎంత మట్టిని ఎంత దూరం మోయాలో లెక్కగట్టినట్టు ఉంటుందది. ప్రోటోకాల్ ఏ తేడాను అనుభవిస్తుందో సరిగ్గా ఆ తేడానే కొలబద్ద పట్టుకుంటుంది. యంత్రం కన్నా ఈ కొలబద్దను ఎంచుకోవడమే ఎక్కువ పదునైన ఆలోచన అని నా అభిప్రాయం.

ఎమ్‌స్టార్ అనే మరో సిమ్యులేటర్, పాత టాసిమ్, ఎన్ఎస్2 వాడే పద్ధతులతో పోల్చినప్పుడు, సీపీఎం మంచి లింకుల విషయంలో 2 రెట్లు, చెడ్డ లింకుల విషయంలో 1.5 రెట్లు, మధ్యరకం లింకుల విషయంలో 5 రెట్లు నిజానికి దగ్గరైందని తేలింది. ఆ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. మంచి లింకు మీద ఏ ప్రోటోకాల్ అయినా పనిచేస్తుంది, చెడ్డ లింకును ఏ ప్రోటోకాల్ అయినా వదిలేస్తుంది. మధ్యరకం లింకును నమ్మాలా, ఎప్పుడు నమ్మాలి, ఎంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి అన్న దగ్గరే ఒక రూపకర్త తెలివి బయటపడుతుంది. సిమ్యులేషన్ ఇంతకాలం ఎక్కడ ఎక్కువ తప్పు చెబుతూ వచ్చిందో, మెరుగు కూడా అక్కడే ఎక్కువ వచ్చింది.

ఈ పద్ధతిలో మిగిలిపోయినవి ఉన్నాయి. నోడ్‌లో ప్రోగ్రాము నడవడానికి పట్టే సమయాన్ని టాసిమ్ లెక్కలోకి తీసుకోదు. మైనస్ 54 అని రాసిన లింకు ఎప్పటికీ మైనస్ 54గానే ఉంటుంది. అసలు భవనంలో తలుపు మూసినా, మధ్యలోంచి ఒక మనిషి నడిచినా సిగ్నల్ మారుతుంది. 2008లో టాల్ రూసక్, ఫిలిప్ లెవిస్ ఆ రెండో లోటు మీద పనిచేశారు. రొదకు వాడిన పోలిక పద్ధతినే సిగ్నల్ బలానికీ వాడబోతే అక్కడొక చిక్కు వచ్చింది. చేరిన ప్యాకెట్ బలాన్ని కొలవగలం, పోయిన ప్యాకెట్ బలాన్ని ఎలా కొలుస్తాం? పైగా పోయినవాటిలో బలహీనంగా వచ్చినవే ఎక్కువ ఉంటాయి. చిట్టాలోని ఆ ఖాళీలను ఏ అంకెతో నింపాలన్నదే వాళ్ల శ్రమలో ప్రధాన భాగమైంది.

ఇంకో లోటు ఇంతకన్నా మొండిది. సీపీఎంలో ప్రతి నోడూ తన రొదను తానే పుట్టించుకుంటుంది. నిజమైన గదిలో ఒక రూటర్ పలికితే పక్కపక్కనున్న రెండు నోడ్ల చెవుల్లోనూ ఆ రొద ఒకే క్షణాన పడుతుంది. ఒక నోడ్‌కు ప్యాకెట్ చేరకపోతే పక్కనోడి ద్వారా పంపుదామనే ప్రోటోకాల్‌ను సీపీఎం మీద నడిపితే, పక్కనోడు ప్రశాంతంగా ఉన్నట్టు చాలాసార్లు కనిపిస్తుంది. అసలు గదిలో ఇద్దరూ ఒకేసారి చెవిటివాళ్లయి ఉంటారు. అలాంటి ప్రోటోకాల్‌కు సిమ్యులేషన్‌లో వచ్చే మార్కులు దాని అర్హతను మించి ఉంటాయి. దగ్గర దగ్గర నోడ్ల మీద కలిసి పడే రొదను ఇది పట్టుకోలేదని టాసిమ్ పాఠం రాసినవాళ్లు, మేయర్-హెవీని పరిచయం చేసే చోటే, వాడేవాళ్లకు ముందుగా చెప్పి పెట్టారు.